వేసవి మోటారు యాత్ర: బస నిర్ణయము

పరీక్షలు ముగిసి పాఠశాల తలుపులు మూయబడిన తోడనే మన యిండ్లలో బయలుదేరు మొదటి ప్రశ్న "ఈ వేసవికి ఎక్కడికి పోవుదము?" అనునది. రెండవ ప్రశ్న "ఏ బండిలో పోవుదము?" అనునది. "రాత్రి ఎక్కడ పరుండుదుము?" అను మూడవ ప్రశ్న పలుమారు బండి ఊరు దాటిన పిమ్మట గాని పుట్టదు. ఈ మూడవ ప్రశ్ననే మొదట నడుగవలెనని విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలియజేయుటకై యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

రైలులో పోవువానికి దారిని, వేళను నిర్ణయించువారు వేఱుగ నున్నారు. మోటారు బండిలో పోవువాడు వీనిని దానే నిర్ణయించుకొనవలెను. ఈ స్వాతంత్ర్యమే మోటారు యాత్రయందలి సుఖము. దానియందలి యపాయమును ఇదియే. మన దేశమున 2022వ సంవత్సరమున రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది యని ప్రభుత్వపు లెక్క తెలుపుచున్నది. కావున సెలవుల ప్రయాణమును గూర్చి కాగితము, కలము పట్టుకొని యాలోచించుట పిఱికితనము గాదు.

పూర్వుల పద్ధతి

బాటసారికి బస యమర్చుట మన దేశమున మిక్కిలి ప్రాచీనమైన ధర్మము. అశోక చక్రవర్తి తాను బాటల వెంబడి మఱ్ఱిచెట్లను, మామిడితోపులను నాటించితిననియు, బావులు త్రవ్వించి విశ్రాంతి గృహములు కట్టించితిననియు శాసనమున జెక్కించెను. మన తెలుగునాట ధర్మాత్ములు కట్టించిన సత్రములు నేటికిని పెక్కు యూళ్ళలో గానవచ్చును.

ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసీ యుద్యోగము చేసినవారు. వారు 1830 మే 18వ తేదీని, అనగా నడివేసవిలో, కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీని తిరిగి యిల్లు చేరిరి. వారి కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చుపడినది. వారు మకాముచేసిన యూళ్ళను గూర్చి వ్రాయునపుడు దిగుటకు చోటున్నదా, నీరెట్టిది, అంగళ్ళలో నేమి దొరకును, దారి యెట్టిది యని విచారించి వ్రాసిరి. తమ వెనుక వచ్చు బాటసారులకు నిది యుపకరింపవలెనని వారి యుద్దేశము. నేడు మన చేతులలో నున్న ఫోను ఒక్క నిమిషములో నూఱు విడుదుల బొమ్మలను జూపగలదు గాని, ఆయన యడిగిన ప్రశ్నలను మన బదులు అది యడుగజాలదు.

ఒక దృష్టాంతము

మాటలు గాలిలో నిలువవు గనుక గుంటూరునుండి హార్స్‌లీ కొండలకు బోవు నొక కుటుంబమును దృష్టాంతముగ దీసికొందము. తలిదండ్రులు, ఇద్దఱు పిల్లలు, డెబ్బది యేండ్లు దాటిన నాయనమ్మ, మొత్తము అయిదుగురు.

హార్స్‌లీ కొండలు మదనపల్లెకు సమీపమున సముద్రమట్టమునకు సుమారు 1,265 మీటర్ల యెత్తున నున్నవి. ఏనుగు మల్లమ్మ కొండ యనునది దాని పూర్వనామము. కడపకు కలెక్టరుగానుండిన హార్స్‌లీదొర పందొమ్మిదవ శతాబ్దిలో నచ్చట వేసవి గృహము గట్టించుకొనుటచే నీ పేరు వచ్చినది. వాయువు ప్రతి వేయి మీటర్ల యెత్తునకు సుమారు 6.5 డిగ్రీలు చల్లబడునని మీరు భూగోళ పాఠమున జదివియుందురు. గుంటూరు సముద్రమట్టమునకు కొంచెమే యెత్తున నున్నది. లెక్కవేసిన యెడల గుంటూరున 42 డిగ్రీల వేడిమి యున్నపుడు ఆ కొండపై నించుమించు 34 డిగ్రీలుండవలెను. ఈ యెనిమిది డిగ్రీల కొఱకే యీ ప్రయాణమంతయు.

దూరము సుమారు 515 కిలోమీటర్లు. "తెల్లవారుజామున బయలుదేరిన చీకటిపడునప్పటికి కొండ యెక్కవచ్చును" అని పడుచువారు చెప్పుదురు. ఎక్కవచ్చును, కాని రోహిణీకార్తెలో రోళ్ళు పగులునను సామెతను మఱవరాదు. పగలంతయు నెండలో గూర్చుండి వచ్చిన నాయనమ్మ రెండు దినములు మంచము దిగదు. బండి నడిపిన తండ్రి యలసిన కన్నులతో చీకటిలో కనుమదారి నెక్కవలసి వచ్చును. కాబట్టి మేమీ దారిని మూడు మజిలీలుగ విభజింతుము.

మొదటి దినము గుంటూరునుండి ఒంగోలు మీదుగా నెల్లూరునకు, సుమారు 235 కిలోమీటర్లు. దారి విశాలమైనది గనుక గంటకు 60 చొప్పున నాలుగు గంటలు. మధ్యను రెండుచోట్ల అరగంట చొప్పున విశ్రాంతి. ఉదయము 5 గంటలకు బయలుదేరినచో 10 గంటలకు చేరవచ్చును.

రెండవ దినము నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా తిరుపతికి, సుమారు 135 కిలోమీటర్లు. ఇది చిన్న మజిలీ. ఎండ ముదురకముందే ముగియును. పిల్లలు సాయంకాలమున చంద్రగిరి కోటను జూడవచ్చును.

మూడవ దినము పీలేరు, మదనపల్లె మీదుగా కొండకు, సుమారు 145 కిలోమీటర్లు. ఈ దారిలో భాకరాపేట కనుమ యున్నది. 2022 మార్చి నెలలో నిశ్చితార్థమునకు బోవుచున్న యొక బస్సు రాత్రివేళ ఆ కనుమలో లోయలోనికి బడి పలువురు ప్రాణములు గోల్పోయిరి. అందుచేత దీనిని పగటివేళనే దాటవలెనని మజిలీని ఉదయమునకు నిర్ణయించితిమి. మదనపల్లెలో కొంతసేపు దిగి, రవీంద్రనాథ ఠాకూరుగారు 1919లో విడిసి జనగణమన గీతమును ఇంగ్లీషులోనికి మార్చిన కళాశాలను పిల్లలకు జూపవచ్చును. కొండమీద మూడు రాత్రులు నిలిచి, అదే క్రమమున మరలి రావలెను.

ఇప్పుడు దారి యేర్పడిన విధమును గమనింపుడు. బండి యెంత దూరము పోగలదని మేము చూడలేదు. ఆ బండిలో మిక్కిలి బలహీనురాలైన మనిషి యెంతసేపు గూర్చుండగలదని చూచితిమి. రాత్రి బసలు ముందు నిలిచినవి. దారి వాని ననుసరించినది.

బసను గూర్చి యడుగవలసిన ప్రశ్నలు

బసలు పలు విధములు. లాడ్జీలు, హోటళ్ళు పట్టణములలో గలవు. పర్యాటక సంస్థవారి హరిత విడుదులు హార్స్‌లీ కొండలవంటి చోట్ల నున్నవి. తిరుపతిలో యాత్రికులకై దేవస్థానమువారి వసతి గృహములు గలవు. వేసవి సెలవులలో నచ్చటి రద్దీ మిక్కుటము గనుక వీనిని చాల ముందుగ గోరవలెను. ప్రభుత్వపు అతిథి గృహములు విశాలముగను, చెట్లనీడలోను నుండును గాని, వానియందు ఉద్యోగులకు మొదటి హక్కు. మనకు గది దొరకినను, పై యధికారి వచ్చినచో నేమగునో ముందే యడిగి తెలిసికొనవలెను.

ఏ విడిదియైనను, బొమ్మలను జూచి తృప్తిపడక, ఫోనుచేసి యీ ప్రశ్నల నడుగుడు.

మొదటిది: గది యే వేళకు నిత్తురు? కొన్నిచోట్ల మధ్యాహ్నము 12 గంటలకు గాని గది యీయరు. కొన్నిచోట్ల దిగిన వేళనుండి 24 గంటల లెక్క. ఎండకు వెఱచి ఉదయము 10 గంటలకే చేరువారికి ఈ రెండవ పద్ధతి మేలు. మొదటి పద్ధతియైనచో, ముందుగా నిచ్చుటకు వీలగునా యని యడిగి, వారి యంగీకారమును సందేశ రూపమున దీసికొనుడు.

రెండవది: క్రింది యంతస్తున గది గలదా? లిఫ్టు పనిచేయుచున్నదా? మోకాళ్ళ నొప్పిగల పెద్దలకు మూడవ యంతస్తునందలి చల్లని గదికంటె నేలమట్టపు సామాన్యమైన గది మేలు.

మూడవది: నీరు దినమంతయు వచ్చునా? కరెంటు పోయినచో జనరేటరు ఫంకాలకైన సరిపోవునా?

నాల్గవది: బండి నిలుపుటకు ఆవరణలోపల చోటున్నదా?

అయిదవది: రాలేకపోయినచో సొమ్ము తిరిగి యిత్తురా? ఎన్ని దినముల ముందు తెలుపవలెను?

ఆఱవది: బండి నడుపువాడు ఎక్కడ పరుండును?

బండి నడుపువాని నిద్ర

ఈ యాఱవ ప్రశ్న నడుగువారు మిక్కిలి యరుదు. అద్దెబండి దెచ్చుకొన్న కుటుంబము గదిలో ఫంకా క్రింద నిద్రించును. డ్రైవరు బండిలోని సీటు వాల్చుకొని, దోమలతోను ఉక్కతోను పోరాడి, తెల్లవారుజామున ఆ కుటుంబమునే కనుమదారిలో దీసికొనిపోవును. ఆతడొక తండ్రికి కుమారుడు, కొందఱు పిల్లలకు తండ్రి. మనుష్యత్వమునకై గాకున్నను స్వార్థమునకైన నాలోచింపుడు: ఆతని నిద్రయే బండిలోనున్న వారందఱి ప్రాణము. మోటారు రవాణా సంస్థలలో పనిచేయువారికి దినమునకు ఎనిమిది గంటలకు మించి పని యుండరాదనియు, అయిదు గంటలకొకసారి కనీసము అరగంట విశ్రాంతి యుండవలెననియు 1961 నాటి చట్టము సామాన్యముగ విధించియుండెను. మన సెలవుల కొఱకు ఆ నియమమును మఱచుట తగదు. ప్రయాణపు ఖర్చు వ్రాసికొనునపుడే డ్రైవరుకు మంచము, భోజనము అని రెండు పంక్తులు వేఱుగ వ్రాయుడు.

మేమెఱిగిన యొక కుటుంబము కొన్నియేండ్ల క్రిందట మే నెలలో నొక శనివారము బస కుదుర్చుకొనకయే యొక కొండ విడిదికి బోయెను. చేరునప్పటికి రాత్రి యెనిమిది గంటలు. ఏ విడిదియందును గది లేదు. ఉదయమునుండి బండి నడిపిన యింటి పెద్దకుమారుడు పదునొకండు గంటలకు మరల కొండ దిగ నారంభించెను. కనుమ క్షేమముగనే దిగెను గాని, మైదానమున తిన్నని దారిలో కన్ను మూతపడి, బండి త్రోవ తప్పి, రోడ్డుపనికై పోసిన యిసుక కుప్పలో దూసికొనిపోయి నిలిచెను. చిన్నవాని ముంజేయి విఱిగినది, తక్కినవారు బ్రతికిరి. ఆ కుప్పకు పది యడుగుల దూరమున నేలబావి యుండెను. ఆ తల్లి నేటికిని యే యూరికి బోవలెనన్నను మొదట బసను గూర్చియే యడుగును.

నిద్రమత్తు తిన్నని దారిలోనే యెక్కువగ గ్రమ్మును. తెల్లవారుజామున 2 గంటలు మొదలు 5 గంటలవఱకును, మధ్యాహ్న భోజనానంతరమును అది ప్రబలముగ నుండును. కాఫీయు పాటలును దానిని కొంచెముసేపు తఱుమునే గాని చంపవు. దానికి మందు నిద్రయొక్కటియే.

ఎండయు, బండియు

టైరులలో గాలి, బండి చల్లగ నున్నపుడే, డ్రైవరు తలుపు ప్రక్క నతికించిన చీటీలోని కొలత ప్రకారము చూపించుకొనవలెను. స్టెప్నీలో గాలి యున్నదా యని చూచుట పలువురు మఱతురు. ఇంజను వేడెక్కి ఆవిరి వచ్చుచున్నపుడు రేడియేటరు మూత విప్పరాదు. మరిగిన నీరు మొగముపై జిమ్మును. కనుమ దిగునపుడు బ్రేకుమీదనే యాధారపడక తక్కువ గేరులో దిగవలెను. ఎదురుగ నెక్కివచ్చు బండికి దారి యీయవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన దొకటి: ఎండలో నిలిపిన బండిలో పసిపిల్లలను "ఒక్క నిమిషము" అని విడిచిపోరాదు. పది నిమిషములలో లోపలి వేడిమి సుమారు పది డిగ్రీలు పెరుగగలదు. అద్దమును కొంచెము దించినందువలన నది యంతగా తగ్గదు. పెద్దవారికంటె పిల్లల దేహము త్వరగ వేడెక్కును. ఎవరైన మాట తడబడి, ఒడలు కాలుచు, స్మృతి తప్పుచున్నచో, నీడకు జేర్చి, తడిబట్టలతో నొడలు చల్లార్చుచు వెంటనే 108కి ఫోను చేయవలెను. జాతీయ రహదారిపై బండి నిలిచిపోయినచో 1033 అను సంఖ్యకు ఫోనుచేసి సహాయము గోరవచ్చును.

విద్యార్థుల కభ్యాసము

ఈ ప్రణాళికను వ్రాయు పనిని పెద్దలు తమ బిడ్డల కప్పగింపవలెనని మా ప్రార్థన. గణితము, భూగోళము, లేఖనము మూడును ఇందులో నున్నవి. విద్యార్థులారా, ఒక తెల్లకాగితముపై ఆఱు గళ్ళు గీయుడు: తేదీ, బయలుదేరు వేళ, దూరము, చేరు వేళ, బస పేరు, బసవారి ఫోను సంఖ్య. పై దృష్టాంతములో రానుపోను 1,030 కిలోమీటర్లు. చుట్టుప్రక్కల తిరుగుటకు మఱి 100. లీటరునకు 15 కిలోమీటర్లు పోవు బండికి సుమారు 75 లీటర్ల నూనె కావలెను. నాటి ధరతో హెచ్చించి ఖర్చు తేల్చుడు. తరువాత మీ యూరినుండి మీరు పోగోరు చోటికి ఇట్టి పట్టికనే వ్రాయుడు. బస గడిలో నేదైన ఖాళీ మిగిలినచో బండి యిల్లు కదలరాదు.

పట్టిక రెండు ప్రతులు వ్రాసి, ఒకటి బండిలో నుంచి, రెండవది ఇంటియొద్దనున్న బంధువున కీయుడు. ప్రతి మజిలీ చేరగనే వారికి క్షేమమని తెలుపుడు. తిరిగి వచ్చిన పిమ్మట, ఏ బసలో నీరు మంచిదో, ఎచ్చట పెద్దలకు మెట్లు కష్టమో, ఎచ్చట డ్రైవరుకు మంచ మిచ్చిరో దాని వెనుక వ్రాసి, వచ్చు వేసవికి బయలుదేరు తోడి విద్యార్థి కీయుడు. వీరాస్వామయ్యగారు తమ వెనుక వచ్చువారికి జేసిన యుపకార మిట్టిదే.