ఒక్క ఏడాది ఆగవే, చెల్లీ!

గృహప్రవేశం ఫోటోలు చూశానే. పాలు తూర్పు వైపుకే పొంగాయని అమ్మ ఫోన్లో మూడుసార్లు చెప్పింది. పదకొండేళ్ళు అద్దె ఇళ్ళు మారి మారి, సొంత గుమ్మానికి మామిడాకులు కట్టుకుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. నీ పట్టుచీర, నీ మొహంలో ఆ వెలుగు చూసి కళ్ళు చెమర్చాయి. కానీ నువ్వు నాతో మాట్లాడి ఫోన్ పెట్టేసే ముందు ఒక మాటన్నావు చూడు, వచ్చే వారం ఇంటీరియర్ వాళ్ళొచ్చి వంటింటి పక్క గోడ తీసేస్తారని, అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఆగవే. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, ఒక చలికాలం ఆ ఇంట్లో గడవనియ్యి. ఏ గోడ ఎందుకుందో, ఏ కిటికీ ఏం చేస్తుందో ఆ తర్వాతగానీ అర్థం కాదు.

నిజాంపేటలో మేం ఈ ఫ్లాటు కొనేటప్పటికే దానికి పన్నెండేళ్ళు. ఈసీ తీశాం, లింకు డాక్యుమెంట్లు లాయరుకి చూపించాం, రిజిస్ట్రేషనయ్యాక కరెంటు మీటరూ ఇంటి పన్నూ మా పేరుకి మార్పించుకున్నాం. ఆ కాయితాల్లో ఇల్లు ఎవరిదో ఉంది. దాని తీరేమిటో మాత్రం మేమే ఉండి తెలుసుకోవాల్సి వచ్చింది.

మొదట వాసన. పిల్లల గది బాత్‌రూమ్ తలుపు తీస్తే చాలు, మురిక్కాలవ కంపు. ఫినాయిలు పోశాను, రెండుసార్లు యాసిడ్‌తో కడిగించాను. చూడ్డానికొచ్చిన ప్లంబరు టైల్స్ పగలగొట్టి పైపులన్నీ మార్చాలన్నాడు. మీ బావగారు అడ్వాన్సు ఇవ్వబోతుంటే, మెట్లు తుడుస్తున్న వాచ్‌మన్ భార్య వచ్చి తొంగిచూసింది. “ఇల్లు చాన్నాళ్ళు తాళమేసుంది కదమ్మా, ముందు జాలీలో రెండు చెంబుల నీళ్ళు పోసి చూడండి” అంది. పోశాం. సాయంత్రానికి వాసన లేదు! జాలీ కింద పైపు వంకర తిరిగి ఉంటుంది. ఆ వంపులో ఎప్పుడూ కాసిని నీళ్ళు నిలిచి ఉండాలి, కింది గాలి పైకి రాకుండా ఆ నీళ్ళే మూత. నాలుగు నెలలు ఎవరూ వాడకపోయేసరికి అవి ఆరిపోయాయి. ఇప్పటికీ ఊరెళ్ళేటప్పుడు అన్ని జాలీల్లో తలా ఒక చెంబు పోసే తాళం వేస్తాను.

నువ్వూ మీ వాచ్‌మన్‌నీ, ఆయన భార్యనీ మంచి చేసుకో చెల్లీ. ఏ వాల్వు ఏ ఫ్లాటుదో అపార్ట్‌మెంటులో తెలిసేది వాళ్ళకే. మా వంటింటి కుళాయి పొద్దున్నే ఐదున్నరకి ఖళ్ళుఖళ్ళుమని దగ్గేది. పాడైందనుకున్నాను. ట్యాంకు నిండి వాల్వు తిప్పగానే పైపులో చిక్కుకున్న గాలి ముందొస్తుందని, ఆ తర్వాతే నీళ్ళని మా వాచ్‌మనే చెప్పాడు. ఇప్పుడు నాకు అదే అలారం. ఏ కుళాయికి మంజీరా నీళ్ళు, దేనికి బోరు నీళ్ళు వస్తాయో కూడా అడిగి రాసిపెట్టుకో. (మంజీరా అని అలవాటుగా అంటాం గానీ, ఊరికిప్పుడు ఎక్కువగా వచ్చేవి కృష్ణా, గోదావరి నీళ్ళే.) బోరు నీళ్ళు కాగినకొద్దీ వాటిలోని సున్నం గీజరు కాయిల్‌కి గారలా పడుతుంది. ఏడాదికోసారి విప్పించి శుభ్రం చేయించకపోతే కరెంటు బిల్లులో తెలుస్తుంది.

ఇక వాన. జూలైలో ఒక రాత్రి పెద్ద వాన, మా ఒక్క ఫ్లాటులోనే చీకటి. కరెంటు ఎక్కడైనా కారితే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ బోర్డులో పడిపోయి ఉంది. ఎత్తితే మళ్ళీ పడుతోంది. మర్నాడొచ్చిన ఎలక్ట్రీషియన్ “దీన్ని తీసేసి డైరెక్టు ఇచ్చేస్తానమ్మా, ఇంక గొడవుండదు” అన్నాడు. ఈ మాట ఎవరన్నా సరే, ససేమిరా ఒప్పుకోకు. ఇళ్ళలో పెట్టేదాన్ని 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు దారితప్పి కారినా పడిపోయేట్టు తయారుచేస్తారు. అది మన పిల్లల ప్రాణానికి కాపలా. వేరే ఆయన్ని పిలిపించాం. ఆయన చిన్న స్విచ్చులన్నీ దించి, దాన్ని ఎత్తి, తర్వాత ఒక్కొక్కటే ఎత్తుకుంటూ వెళ్ళాడు. బాల్కనీ స్విచ్చు ఎత్తగానే పడింది. వాషింగ్ మెషీన్ ప్లగ్గు పెట్టెలోకి గోడ బీట వెంట నీళ్ళు దిగుతున్నాయి. బీట పూడ్పించి, పెట్టె మార్పించాం. మళ్ళీ పడలేదు.

ఆ వానల్లోనే తలుపులు బిగుసుకున్నాయి. తొందరపడి పడగ్గది తలుపుకి చిత్రిక పట్టించేశాను. సంక్రాంతికి చెక్క ఎండి, తలుపుకీ చట్రానికీ మధ్య వేలు పట్టేంత సందు వచ్చింది. మిగతా తలుపుల్ని ఎండాకాలం దాకా ఆపి, పైఅంచుకీ కిందిఅంచుకీ రంగు వేయించాను. అక్కడ ఎవరూ రంగు వెయ్యరు, తేమ లోపలికి పోయేది అక్కణ్ణుంచే.

మొదటి మేకు కొట్టిన రోజు చెప్పాలి నీకు. ఏ ఇంటి ఓనరుగారూ గోడకి మేకు కొట్టనివ్వలేదు కదా, నాన్న ఫోటో అన్నేళ్ళూ బీరువా మీద ఆనించే ఉంచాను. ఇక్కడ సుత్తి తీసుకుని కూడా చాలాసేపు అలా నిలబడ్డాను, ఎవరినో అడగాలనిపించింది. తర్వాత కొట్టాను. మేకు వంగిపోయింది, అక్కడ పిల్లరుంది. జానెడు పక్కకి జరిపి కొడితే దిగింది. నాన్న ఇప్పుడు మా హాల్లో తూర్పు గోడ మీద ఉన్నారు.

నీ గోడ సంగతికి వస్తాను. మా పడగ్గదికి పడమటి పక్కన చిన్న సామాన్ల గది ఉంది. దండగ, మధ్య గోడ తీసేసి పడగ్గదిలో కలిపేద్దామని కొన్నప్పుడే అనుకున్నాం. డబ్బులు సర్దుబాటు కాక ఆగాం. మే నెలలో ఒకరోజు రాత్రి పదింటికి ఏదో సామాను కోసం ఆ గదిలోకి వెళ్ళి, బయటి గోడకి చెయ్యి ఆనించాను. చుర్రుమంది! పగలంతా తాగిన ఎండని ఆ ఇటుకగోడ రాత్రి తీరిగ్గా లోపలికి వదులుతోంది. ఇవతలికొచ్చి పడగ్గది గోడ ముట్టుకున్నాను, చల్లగా ఉంది. ఆ వేడంతా మా మంచం దాకా రాకుండా ఆ బుల్లి గదే మోస్తోంది. ఆ గోడ తీసేసి ఉంటే ఇద్దరు పిల్లలతో ఆ వేడిలో పడుకునేవాళ్ళం.

మీ వంటిల్లు ఏ దిక్కున ఉందే? తీసేద్దామనుకుంటున్న గోడకి అవతల ఏముంది? ఈ రాత్రి పదింటికి పిల్లలు పడుకున్నాక రెండు వైపులా చెయ్యి పెట్టి చూసి నాకు ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటాను.