బిట్టు కొనేముందు

రాజమండ్రి

చిరంజీవి చిన్నాకు పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

నువ్వు ఫోనులో పంపిన ఫోటోలు చూశాను. రూటరు మిషనుతో కోసిన టేకు తలుపు అంచు నల్లబడిందని, దాని బిట్టు నాసిరకమని అన్నావు. ఆ ఫోటో పెద్దది చేసి మళ్లీ చూడు. నలుపు అంచు పొడవునా లేదు, మూల దగ్గర రెండంగుళాల మేరే ఉంది. బిట్టు మొద్దుబారి ఉంటే మొదటినుంచి చివరిదాకా కమిలేది. మూలకి వచ్చాక నీ చెయ్యి ఆగింది, మిషను ఆగలేదు. కోయడానికి కొత్త చెక్క అందక బిట్టు ఉన్నచోటే రాసుకుంది, ఆ రాపిడికి కాలింది. ఇప్పుడు దాన్ని గాజుపెంకుతో గీకెయ్, ఎమిరీ పేపరు తర్వాత పట్టు. ఇకమీదట ఏ అంచైనా ఆఖరి అర మిల్లీమీటరు వదిలిపెట్టి కొట్టుకో. చివరి వరసలో ఆ కాస్తా ఎక్కడా ఆగకుండా లాగెయ్.

అలాగని నీ బిట్టు మంచిదనడం లేదు. చెక్కపెట్టెలో 35 బిట్లు చవగ్గా వస్తున్నాయి, తీసుకోనా అని అడిగావు. వద్దు. వార్డ్‌రోబులు, తలుపుల పనిలో రోజూ చేతికొచ్చేవి నాలుగే: మైకా అంచు కోసే బేరింగు బిట్టు, గాడి తీసే స్ట్రెయిట్ బిట్టు, అంచు గుండ్రం చేసే రౌండ్ బిట్టు, 45 డిగ్రీల చాంఫర్ బిట్టు. ఆ పెట్టె డబ్బుకి రెండే వచ్చినా సరే, మంచివి రెండు కొను. మిగతావి పని వచ్చినప్పుడు ఆ పని ఎస్టిమేటులోనే వేసుకో. పెట్టెలో ముచ్చటగా మెరిసే బిట్లలో సగం చివరిదాకా చెక్క మొహం చూడవు.

రాణీగంజ్ బజారుకి వెళ్లినప్పుడు బిట్టుని కవరులోంచి బయటికి తీసి చూపించమను. ఉక్కు ఒంటికి అతికిన కార్బైడు ముక్క దళసరిగా ఉండాలి. మరీ పలచగా ఉంటే కొద్దిసార్లు సాన పట్టించేసరికే అయిపోతుంది. అతుకు గీత ఎక్కడా తెగకూడదు, సూదిబెజ్జాలు కనిపిస్తే పక్కన పెట్టెయ్. కార్బైడు ముఖం అద్దంలా నున్నగా ఉండాలి. వేలితో కాదు, గోరు మీద మెల్లగా ఆనించి చూడు, పదునున్నది పట్టుకుంటుంది, లేనిది జారిపోతుంది. కార్బైడు లేని హెచ్ఎస్ఎస్ ఉక్కు బిట్లు తక్కువకే ఇస్తారు. మెత్తటి చెక్కకి అవి చక్కని అంచే ఇస్తాయి, కాదనను. కానీ నీ పనంతా ప్లైవుడ్డు, ఎండీఎఫ్. వాటిలోని జిగురు ఉక్కు పదునుని తినేస్తుంది. టేకులోనూ సిలికా ఉంటుంది, అందుకే అది కూడా పదునుని తొందరగా అరగదీస్తుంది.

అందరూ తల చూసి బిట్టు కొంటారు. నువ్వు కాడ చూడు. బజారులో 6 మిల్లీమీటర్ల కాడలూ ఉన్నాయి, పావు అంగుళానివీ ఉన్నాయి. పావు అంగుళం అంటే 6.35. అలాగే 12 వేరు, అర అంగుళం వేరు, అది 12.7. షాపువాడు “బిగిస్తే అదే సర్దుకుంటుంది సార్” అంటాడు. సర్దుకోదు. మిషనులో కాడని పట్టి ఉంచేది కోలెట్టు. 6.35 కోలెట్టులో 6 కాడ పెడితే ఎంత బిగించినా పట్టు చాలదు, పనిలో ఉండగా జారి మెల్లగా బయటికి వస్తుంది. మూడు మిల్లీమీటర్ల లోతు గాడి అనుకున్నది చివరికి వచ్చేసరికి ఆరు అవుతుంది. అది చెక్క నష్టం. పూర్తిగా ఊడి ఎగిరితే నీ మొహం మీదికే రావచ్చు. కాడ మీద గీతలు, నల్లమచ్చలు పడ్డాయంటే జారడం మొదలైందన్నమాట. అప్పుడు బిట్టుతో పాటు కోలెట్టూ మార్చు. కోలెట్టు కూడా అరిగిపోయే వస్తువే, మిషనుతో పుట్టింది మిషనుతోనే పోవాలని లేదు.

బిగించేటప్పుడు కోలెట్టులో పొట్టు ఊదెయ్. కాడ అడుగు తగిలేదాకా దించి, రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి లాగి అప్పుడు బిగించు. నట్టు తిప్పుతుంటే కోలెట్టు కాడని కిందికి లాక్కుంటుంది. అడుగు ముందే తగిలి ఉంటే లాక్కోడానికి చోటుండదు, బిగిసినట్టు అనిపించినా పట్టు రాదు.

ప్యానెల్ తలుపులకి 3 అంగుళాల బిట్టు వాడదామని ఉందన్నావు. ఇక్కడ కాస్త లెక్క చెయ్యి. దాని చుట్టుకొలత దాదాపు 24 సెంటీమీటర్లు. నిమిషానికి 22,000 చుట్లు తిరిగితే అంచు వేగం గంటకి 300 కిలోమీటర్ల పైమాటే. అంత పెద్ద బిట్టుకి 10 నుంచి 12 వేల చుట్లు చాలు. బిట్టు మీద గరిష్ఠ వేగం రాసి ఉంటే దాన్ని దాటకు. వేగం తగ్గించే డయలు లేని మిషనులో దాన్ని పెట్టనే వద్దు. చేతి ట్రిమ్మర్లు చాలామటుకు 30,000 దగ్గర తిరుగుతాయి, వాటి జోలికి అసలు తీసుకెళ్లకు. అర అంగుళం కాడ, బల్లకి బిగించిన రూటరు, నాలుగైదు వరసల్లో కొంచెం కొంచెంగా కోత, ఇవి ఉంటేనే ఆ ఆర్డరు ఒప్పుకో.

నడిపే దిశ నీకు తెలిసిందే. చేతి మిషనుతో బయటి అంచు అయితే గడియారం ముల్లుకి ఎదురుగా, లోపలి అంచు అయితే ముల్లుతో పాటు. పీచు అడ్డంగా తెగే అంచులు ముందు కొట్టు, అక్కడ మూల చిట్లినా నిలువు అంచుల వరసలో పోతుంది. గాడి 12 మిల్లీమీటర్ల లోతు కావాలంటే మూడుసార్లుగా దించు. ఒక్కసారే దించితే మిషను గొంతు మారుతుంది, అప్పటికే ఆలస్యం.

సాయంత్రం పని కట్టేశాక బిట్టుకి పట్టిన బంక కిరసనాయిలు బ్రష్షుతో తుడువు. బేరింగు మాత్రం విప్పి పక్కన పెట్టుకో, అది నానితే లోపలి గ్రీజు కరిగి బిగుసుకుపోతుంది. బిగుసుకున్న బేరింగు మైకా మీద నల్లగీత పెడుతుంది, ఇంటాయన చూసేది ఆ గీతనే. ఎండీఎఫ్ కోసేరోజు మాస్కు లేకుండా కనిపించావంటే మీ అమ్మతో చెప్తాను.

నీ రూటరు కోలెట్టు మీద ఏ సైజు చెక్కి ఉందో చూసి ఫోను చెయ్యి. 12.7 అయితే నా దగ్గరున్న, వంపు అంచు తీసే ఓజీ బిట్టు, దాంతోపాటు రెండు స్ట్రెయిట్ బిట్లు బస్సులో పంపిస్తాను. 12 అయితే పంపను.

ఇట్లు,
నీ పెదనాన్న