అనవసరపు ప్రోగ్రాముల తొలగింపు

కంప్యూటరు మందగించినదనియు, డిస్కులో చోటు చాలుట లేదనియు విద్యార్థులు మాతో మొరపెట్టుకొనుట పరిపాటి. అట్టి సందర్భమున చాలమంది చేయు మొదటి పని తెరమీది బొమ్మను చెత్తబుట్టలోనికి లాగుట. దీనివలన ఫలితము లేదు. ఆ బొమ్మ ప్రోగ్రాము కాదు. ప్రోగ్రామున్న తావును చూపు గుర్తు మాత్రమే. తలుపుమీది పేరుపలకను ఊడదీసినంతమాత్రాన లోపలివారు ఇల్లు ఖాళీ చేయరు గదా!

మన విద్యాలయములలో హెచ్చుగా వాడుకలోనున్నది విండోస్ కనుక దానినే ఉదాహరణముగా గ్రహింతము. ఒక ప్రోగ్రామును స్థాపించినప్పుడు దాని భాగములన్నియు ఒక్కచోటనే ఉండవు. ముఖ్యభాగము ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ అను ఫోల్డరులో చేరును. వాడుకరి అమరికలు, తాత్కాలిక ప్రతులు ‘యాప్‌డేటా’ అను మరుగు ఫోల్డరులో చేరును. ఇవిగాక రిజిస్ట్రీ అను పట్టికలో అనేక పద్దులు వ్రాయబడును. ఎక్కడెక్కడ ఏమేమి ఉంచబడెనో ఎరిగినది ఆ ప్రోగ్రాముతో వచ్చిన తొలగింపు సాధనమే. కావున ఫోల్డరును నేరుగా తుడిచివేయరాదు. అట్లు చేసినచో ఆ సాధనము కూడ నశించి, పద్దులు దిక్కులేక మిగిలిపోవును. సెట్టింగ్స్‌లోని ‘యాప్స్’ పట్టికనుండి అన్‌ఇన్‌స్టాల్ చేయుటయే సరియైన మార్గము. 1995లో వచ్చిన విండోస్ 95 నాటినుండియు ఇట్టి పట్టిక కలదు.

ఇంతచేసినను కొంత శేషము మిగులును. మరల స్థాపించినచో పాత అమరికలు అక్కరకు వచ్చునని కొన్ని ప్రోగ్రాములు కావలెననియే దానిని వదలిపెట్టును. కంప్యూటరును మరల ప్రారంభించి, యాప్‌డేటాలో ఆ పేరుతోనున్న ఫోల్డరును గుర్తించి తొలగింపవచ్చును. రీసైకిల్ బిన్ ఖాళీ చేయువరకు చోటు తిరిగి రాదు. తాత్కాలిక ఫైళ్లకు ‘స్టోరేజ్’ అమరికలలో ఏర్పాటు కలదు. అయితే ఆ జాబితాలో ‘డౌన్‌లోడ్స్’ ఫోల్డరును కూడ చూపును. దానికి టిక్కు పెట్టుటకు ముందు లోపల చూడవలెను. స్కాలర్‌షిప్పుకై దించుకొన్న ఆదాయ ధ్రువపత్రము, హాల్‌టిక్కెట్టు సాధారణముగా అచ్చటనే ఉండును.

రిజిస్ట్రీని ముట్టకుండుటయే మేలని మా అభిప్రాయము. మిగిలిన పద్దులు ఆక్రమించు చోటు అత్యల్పము. పొరపాటున ఒక పద్దు చెడినచో విండోసే తెరుచుకొనకపోవచ్చును. దానిని శుద్ధిచేతుమను ప్రోగ్రాములను మైక్రోసాఫ్టు వారు సమర్థింపరు. 2017లో సీక్లీనర్ అను ప్రసిద్ధ శుద్ధిసాధనపు 5.33 సంచికలో దుండగులు హానికరమైన కోడును చొప్పింపగా, సుమారు 22 లక్షల 70 వేలమంది యంత్రములలో అది చేరినది. చెత్త ఊడ్చుటకు పిలిచినవానితోనే దొంగ ఇల్లు చొచ్చినట్లయినది.

ఇక ‘అనవసరము’ అని నిర్ణయించుట ఎట్లు? ఉర్దూ, తెలుగు పుటలు కూర్చిన పాత కంప్యూటరును శుభ్రపరచునప్పుడు ఈ ప్రశ్న తప్పదు. పేజ్‌మేకరు చివరి ప్రధాన సంచిక 7.0, 2001లో వెలువడినది. ఇప్పుడెవరు వాడుదురని దానిని తీసివేయుట సులభము. దానిలో కూర్చిన సంచికలను మరల తెరచుట సులభము కాదు. అను ఫాంట్లతో కూర్చిన తెలుగు వ్యాసము, ఆ ఫాంట్లు తొలగినంతనే అర్థములేని ఇంగ్లీషు అక్షరముల కుప్పగా కనిపించును. ఏలయన ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు అక్షరఖండములను నిలిపినవి. యూనికోడులోవలె తెలుగు అక్షరములకు ప్రత్యేక సంఖ్యలు ఆ ఫైలులో లేవు. ఇన్‌పేజ్‌లో కూర్చిన నస్తాలీఖ్ పుటలకు కూడ ఇట్టి చిక్కే కలదు. ఆ ఫైలును వర్డు నేరుగా చదువజాలదు. ఒక విద్యార్థి ఎనిమిది మెగాబైట్ల ఫాంట్లను తుడిచి చోటు మిగిల్చితినని సంతసించినచో, పదియేండ్ల వ్యాసములు, గజళ్లు డిస్కులో ఉండియు చదువరాకుండ పోవును.

కావున ముందుగా ప్రతి సంచికను పీడీఎఫ్‌గా భద్రపరుపవలెను. అది కంటికి సరిగా కనిపించినను, అందలి అక్షరములను కాపీ చేసినచో మరల అదే ఇంగ్లీషు కుప్ప వచ్చును. అందుచేత వ్యాసములను యూనికోడులోనికి మార్చి వేరుగా దాచుట అవసరము. మార్పిడిలో వత్తులు, నుక్తాలు తారుమారగుట కలదు గనుక అచ్చుప్రతితో పోల్చి చూడవలెను. ఈ పని యంత్రమునకు వదలరాదు. ఫాంట్లను, స్థాపన ఫైళ్లను, మూలప్రతులను ఒక విడి డిస్కులో ఉంచి, మరియొక కంప్యూటరులో తెరచి చూచిన పిమ్మటనే తొలగింపునకు పూనుకొనవలెను.

ఇందుకై కళాశాల కమిటీవారు రెండు విడి డిస్కులు మంజూరు చేయవలసినదిగా మనవి. అవి వచ్చువరకు పత్రిక గదిలోని కంప్యూటరునుండి ఏ ఫాంటును తొలగింపవలదని విద్యార్థులను కోరుచున్నాము.