‘కాంచన ద్వీపం’ ఇంకా ఎందుకు చదువుతున్నారు?



ఈసారి గోడపత్రికలో నేను రాస్తున్నది ఒక నవల గురించి. ఇంగ్లీషులో దాని పేరు ‘ట్రెజర్ ఐలాండ్’. నండూరి రామమోహనరావు గారు దాన్ని ‘కాంచన ద్వీపం’ పేరుతో తెలుగులోకి తెచ్చారు. రాసినాయన రాబర్ట్ లూయీ స్టీవెన్సన్, స్కాట్లాండు దేశస్థుడు. పుస్తకంగా అచ్చయింది 1883లో. అంటే 140 ఏళ్ళు దాటిపోయింది. అయినా పిల్లలు వదలడం లేదు. "పరీక్షలు పెట్టుకుని కథల పుస్తకాలేంట్రా?" అని పెద్దవాళ్ళు అడుగుతుంటారు. అందులో ఏముందో చెబితే ఆ ప్రశ్నకి జవాబు దొరుకుతుందని నా ఉద్దేశం.

ముందు కథ పుట్టిన తీరు చూద్దాం. స్టీవెన్సన్ 1850లో ఎడింబరోలో పుట్టాడు. తాతా తండ్రీ సముద్రంలో దీపస్తంభాలు కట్టిన ఇంజనీర్లు. ఈయనకి మాత్రం చిన్నప్పటినుంచీ ఊపిరితిత్తుల జబ్బు. 1881లో బ్రేమార్ అనే ఊళ్ళో వానలకి ఇంట్లోనే ఉండిపోయినప్పుడు, భార్య మొదటి పెళ్ళి కొడుకు లాయిడ్‌తో కూర్చుని ఒక దీవి మ్యాపు గీసి రంగులేశాడు. ఆ మ్యాపు చూస్తుంటేనే కథ తోచింది. రోజుకో అధ్యాయం రాసి ఇంట్లోవాళ్ళకి చదివి వినిపించేవాడు. కొడుకే కాదు, ముసలి తండ్రి కూడా చెవులు రిక్కించి వినేవాడు. పదిహేను అధ్యాయాలయ్యాక కలం ఆగిపోయింది. తర్వాత స్విట్జర్లాండులో మిగతాది పూర్తిచేశాడు. ముందు ఒక పిల్లల పత్రికలో 1881 అక్టోబరు నుంచి 1882 జనవరి దాకా మారుపేరుతో వచ్చింది. అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. పుస్తకమయ్యాకే పేరొచ్చింది.

ఇక కథ. జిమ్ హాకిన్స్ అనే కుర్రాడి అమ్మానాన్నలు సముద్రం ఒడ్డున సత్రం నడుపుతుంటారు. అక్కడికి బిల్లీ బోన్స్ అనే ముసలి నావికుడు ఒక పెట్టెతో వస్తాడు. మన ట్రంకు పెట్టెల్లో బట్టలూ పుస్తకాలూ ఉంటే, వాడి పెట్టెలో ఫ్లింట్ అనే సముద్రపు దొంగ సొమ్ము దాచిన దీవి మ్యాపు ఉంటుంది. బోన్స్ చచ్చిపోతాడు. మ్యాపు జిమ్ చేతికొస్తుంది. డాక్టర్ లివ్‌సీ, జమీందారు ట్రెలానీ కలిసి ఓడ బయల్దేరదీస్తారు. ఆ ఓడలో వంటవాడుగా చేరినవాడు లాంగ్ జాన్ సిల్వర్. ఒంటికాలు, చంకకర్ర, భుజం మీద చిలుక. (మన వంట మాస్టారికీ వాడికీ ఏ సంబంధమూ లేదని మనవి!) అసలు దొంగల నాయకుడు వాడే.

ఈ కథ ఇన్నాళ్ళు నిలవడానికి నాకు తోచిన కారణాలు నాలుగు.

మొదటిది, మ్యాపు. పుస్తకం తెరవగానే మ్యాపు ఉంటుంది. తొమ్మిది మైళ్ళ పొడుగు, ఐదు మైళ్ళ వెడల్పు దీవి. మూడు ఎర్ర గుర్తులు. చదివేవాడు జిమ్ పక్కనే నడుస్తూ వేలితో దారి చూసుకోవచ్చు. అయితే అచ్చయింది మొదట గీసిన మ్యాపు కాదు. దాన్ని ప్రచురణకర్తలకి పంపితే అందలేదు. తండ్రి ఆఫీసులో మళ్ళీ గీయించాల్సి వచ్చింది.

రెండోది, కథ చెప్పేది కుర్రాడే. పెద్దవాళ్ళకి తెలియనిది వాడికి ముందు తెలుస్తుంది. ఒక రాత్రి జిమ్ ఆపిల్ పండు కోసం పీపాలోకి దిగుతాడు. సిల్వర్ ఆ పీపాకే ఆనుకుని కుట్ర మాట్లాడతాడు. జిమ్ ఊపిరి బిగబట్టి అంతా వింటాడు. అప్పటికి ఓడలో 26 మంది. నమ్మదగినవాళ్ళు ఏడుగురే, అందులో ఒకడు జిమ్. అంటే పంతొమ్మిది మంది మీద ఆరుగురు పెద్దవాళ్ళు, ఒక పిల్లాడు! లెక్క వింటేనే గుండె దడదడలాడుతుంది. మధ్యలో మూడు అధ్యాయాలు మాత్రం డాక్టరు చెబుతాడు, ఎందుకంటే అప్పుడు జిమ్ అక్కడ లేడు.

మూడోది, సిల్వర్. మామూలు కథల్లో దొంగ ముఖం చూడగానే తెలిసిపోతుంది. సిల్వర్ నవ్వుతూ మాట్లాడతాడు, వంటగది శుభ్రంగా పెట్టుకుంటాడు, జిమ్‌ని ముద్దుగా చూస్తాడు. అదే మనిషి తనమాట విననివాణ్ణి చంపేస్తాడు. తర్వాత జిమ్ ప్రాణం కాపాడేదీ వాడే. స్టీవెన్సన్‌కి హెన్లీ అనే కవి స్నేహితుడు. క్షయ వల్ల ఆయనకి ఒక కాలు తీసేశారు. అయినా ధైర్యం తగ్గని మనిషి. ఆయన్ని చూసే సిల్వర్‌ని కల్పించాడు. తియ్యగా మాట్లాడేవాళ్ళందరూ మంచివాళ్ళు కారని ఈ పాత్ర నేర్పుతుంది. మన ఊళ్ళల్లో సంతకొచ్చి "తమ్ముడూ, తమ్ముడూ" అంటూ తూకంలో కొట్టేవాళ్ళు తెలిసిందే కదా!

నాలుగోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. అది మాట. జిమ్ దొంగలకి దొరికిపోతాడు. డాక్టరు వచ్చి, "కంచె దూకు, పారిపోదాం" అంటాడు. జిమ్ ఒప్పుకోడు. పారిపోనని సిల్వర్‌కి మాటిచ్చాడు కాబట్టి. ఎదుటివాడు దొంగ, ప్రాణం పోయేటట్టుంది, అయినా మాట తప్పడు. ఇంకో సంగతి. డాక్టరు అక్కడికి వచ్చింది జ్వరంతో పడున్న దొంగలకి మందివ్వడానికి. వైద్యుడికి శత్రువు కూడా రోగే. వాళ్ళు చిత్తడి నేలలో మకాం వేసినందుకు, ఆ పాడు గాలికి జ్వరమొచ్చిందంటాడు. అప్పటికి తెలిసింది అంతే. మలేరియా మోసేది దోమ అని రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో కనిపెట్టింది 1897లో. దోమతెర కట్టుకోమని వార్డెన్ గారు ఎందుకు పోరుతారో దీన్నిబట్టి గ్రహించాలి.

లోపాలు లేవా? ఉన్నాయి. కథలో ఆడవాళ్ళు దాదాపు లేరు. ఆడవాళ్ళు ఉండకూడదని లాయిడ్ పట్టుబట్టాడట. ఆడపిల్లలకి ఇది నచ్చకపోవచ్చు. కానీ ఉన్న ఒక్క జిమ్ తల్లినీ చూడండి. బోన్స్ పెట్టె తెరిచినప్పుడు, దొంగలు వచ్చేస్తున్నా, తనకి రావలసిన బాకీ మాత్రమే లెక్కపెట్టి తీసుకుంటుంది. ఒక్క కాసు ఎక్కువ ముట్టదు. మిగతా కథంతా ఎక్కువ కోసం కొట్టుకున్నవాళ్ళ కథే. దొంగలు తవ్విన చోట సొమ్ము లేదు, ఒంటరిగా దీవిలో మిగిలిన బెన్ గన్ ముందే తీసేశాడు. ఓడ ఎక్కినవాళ్ళలో అదే ఓడలో ఇంటికి తిరిగొచ్చింది ఐదుగురే. ఎంత బంగారమిచ్చినా ఆ దీవికి మళ్ళీ పోనంటాడు జిమ్.

స్టీవెన్సన్ చివరి రోజులు సమోవా దీవుల్లో గడిపాడు. అక్కడివాళ్ళ నేల మీద జర్మనీ, ఇంగ్లండు, అమెరికా పెత్తనం చేస్తుంటే తప్పని 1892లో ఒక పుస్తకమే రాశాడు. సమోవావాళ్ళు ఆయన్ని ‘టుసిటాలా’ అన్నారు. కథలు చెప్పేవాడని అర్థం. 1894లో 44వ ఏట చనిపోతే, వాళ్ళే అడవి నరికి దారి చేసి కొండ మీదికి మోసుకెళ్ళారు. సొమ్ము కోసం దీవికి పోయినవాళ్ళ కథ రాసినాయన, దీవివాళ్ళ తరఫున మాట్లాడాడు. కొండల్లో పుట్టిన మనం ఇది గుర్తుంచుకోవాలి.

కాబట్టి మిత్రులారా, ఆదివారం పూట ఈ పుస్తకం చదవండి. చదివాక ఈ ప్రశ్నల మీద స్టడీ అవర్ తర్వాత మాట్లాడుకుందాం:

1. జిమ్ చోట మీరుంటే కంచె దూకేవారా?
2. చివర్లో సిల్వర్ ఒక సంచి నాణేలతో తప్పించుకుంటాడు. వాణ్ణి వదిలేయడం న్యాయమేనా?
3. ఆ సొమ్ము ఫ్లింట్ ఎవరినో చంపి దోచుకున్నదే. దొరికినవాళ్ళకి అది చెందుతుందా?

మూడో ప్రశ్నకి నా జవాబు "చెందదు" అని. కాదనేవాళ్ళు వచ్చే గోడపత్రికలో రాయండి.