వెనక బెంచీ నుంచి సైన్స్ గ్రూపు దాకా: ఒక టీచర్ తోడు నిలిస్తే



ఈ నెల ఇంగ్లిష్ క్లాసులో మీ పిల్లలు నేర్చుకునే కొత్త మాట ‘ఇన్‌క్లూజన్’. అంటే అందరినీ కలుపుకుపోవడం. స్పెల్లింగ్ రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది కానీ అర్థం తెలియాలంటే ఒక ఉదాహరణ కావాలి. అందుకే మన పక్క జిల్లాలో పుట్టిన ఒక విద్యార్థి గురించి, అతనికి తోడు నిలిచిన టీచర్ గురించి చెబుతాను. ఇంట్లో పిల్లలతో కలిసి చదవండి.

ఎవరా విద్యార్థి? ఎవరా టీచర్?

మనకు కృష్ణానది అవతల, మచిలీపట్నం దగ్గర సీతారామపురం అనే ఊరు ఉంది. బొల్లా శ్రీకాంత్ అక్కడ ఒక రైతు ఇంట్లో పుట్టారు. పుట్టుకతోనే చూపు లేదు. ఊరి బడిలో ఆయనను చివరి బెంచీలో కూర్చోబెట్టేవారు, పక్కవాళ్లు పలకరించేవారు కాదు. ఎనిమిదేళ్ల వయసులో హైదరాబాద్‌లోని అంధుల రెసిడెన్షియల్ స్కూల్లో సీటు వచ్చింది. అక్కడ చదువులో ముందుండేవారు. పదో తరగతి తర్వాత లెక్కలు, సైన్స్ చదవాలనుకున్నారు. చూపులేని పిల్లలకు ఆ గ్రూపు ఇవ్వడం కుదరదని అప్పటి రాష్ట్ర నిబంధన. బొమ్మలు, గ్రాఫులు, ల్యాబు వాళ్లకు కష్టమని దానికి చెప్పిన కారణం.

అప్పుడు అండగా నిలిచింది ఆ స్కూలు టీచర్ తక్కిళ్లపాటి స్వర్ణలత గారు. ‘రూల్ అలా ఉంది, ఆర్ట్స్ తీసుకో’ అని నచ్చజెప్పి పంపేస్తే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆవిడ మాత్రం విద్యార్థిని వెంటబెట్టుకుని బోర్డు అధికారుల దగ్గరకు వెళ్లారు. అక్కడ పని కాలేదు. ఒక లాయర్‌ను పట్టుకుని, స్కూలు యాజమాన్యం సహకారంతో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో కేసు వేశారు. సుమారు ఆరు నెలలకు తీర్పు వచ్చింది. రాష్ట్ర బోర్డు స్కూళ్లలో చూపులేని పిల్లలు కూడా లెక్కలు, సైన్స్ చదవవచ్చని కోర్టు చెప్పింది. ఒక్క పిల్లవాడి కోసం వేసిన కేసు తర్వాత వచ్చే పిల్లలందరికీ దారి తెరిచింది.

శ్రీకాంత్ గారు పన్నెండో తరగతిలో 98 శాతం మార్కులు తెచ్చుకున్నారు. 2009లో అమెరికాలోని ఎంఐటీలో చేరారు. చదువు ముగించుకుని 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ మొదలుపెట్టారు. అందులో దివ్యాంగులు చాలామంది పనిచేస్తున్నారు. వాళ్లకు శిక్షణ ఇచ్చే బాధ్యత తీసుకున్నది మళ్లీ స్వర్ణలత గారే. ఆ కంపెనీ సహ వ్యవస్థాపకురాలు కూడా ఆవిడే. 2024లో వచ్చిన ‘శ్రీకాంత్’ హిందీ సినిమాలో జ్యోతిక వేసిన టీచర్ పాత్ర మీలో కొందరు చూసే ఉంటారు.

మనం నేర్చుకోవలసింది ఏమిటి?

కేసు నడుస్తున్నప్పుడు శ్రీకాంత్ గారు వేరే బోర్డుకు చెందిన ఒక మామూలు స్కూల్లో చేరారు. క్లాసు మొత్తంలో చూపులేని విద్యార్థి ఆయన ఒక్కరే. అక్కడి క్లాస్ టీచర్ ఆయన కోసం తాకి తెలుసుకునే బొమ్మలు గీయడం నేర్చుకున్నారు. రబ్బరు షీటు మీద పల్చని ఫిల్మ్ పరిచి పెన్నుతో గీస్తే గీత ఉబ్బెత్తుగా లేస్తుంది. వేలితో తడిమితే బొమ్మ తెలుస్తుంది. అంటే అడ్డం వచ్చింది పిల్లవాడి తెలివి కాదు, మనం పాఠం చెప్పే పద్ధతి. పద్ధతి మారగానే అడ్డం తొలగిపోయింది.

మన గుంటూరు మిర్చి యార్డులో కాయను, తాలును వేరు చేసి రాశులు పోస్తారు. సరుకుకు ఆ లెక్క సరిపోతుంది. పిల్లల విషయంలో మొదటి చూపుకే రాశి మార్చేస్తే ఎంత నష్టమో పై కథ చెబుతోంది.

చట్టం ఏం చెబుతోంది?

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అందులో 21 రకాల వైకల్యాలున్నాయి. చూపు, వినికిడి, నడకకు సంబంధించినవే కాదు, ఆటిజం, డిస్లెక్సియా లాంటి నేర్చుకోవడంలో ఇబ్బందులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు లాంటి వెసులుబాట్లు ఈ పిల్లలకు దొరుకుతాయి. ఉదాహరణకు సీబీఎస్‌ఈ మూడు గంటల పరీక్షకు ఒక గంట అదనంగా ఇస్తుంది. వీటికి సర్టిఫికెట్ కావాలి కాబట్టి పదో తరగతి పరీక్షల ముందు హడావిడి పడకుండా ముందే సదరం క్యాంపు వివరాలు కనుక్కోండి. మండలాల్లో ఉన్న భవిత కేంద్రాల్లో ఇలాంటి పిల్లల కోసమే శిక్షణ పొందిన టీచర్లుంటారు. వారి సలహా తీసుకోవచ్చు.

తల్లిదండ్రులు తరచుగా అడిగే రెండు మాటలు

*‘అలాంటి పిల్లవాడు క్లాసులో ఉంటే మా పాప చదువు వెనకబడదా?’* బోర్డు మీద రాసేది టీచర్ పైకి చదువుతూ రాస్తే చూపు తక్కువున్న పిల్లవాడికే కాదు, చివరి బెంచీలో ఉన్న మీ పాపకూ మేలే. చేత్తో పట్టుకుని చూసే మోడల్ ఉంటే జామెట్రీ అందరికీ తేలిక అవుతుంది. పైగా తోటివాడికి తోడుండటం అనే పాఠం ఏ టెక్స్ట్‌బుక్‌లోనూ రాదు.

*‘మా బాబు సంగతి చెబితే సీటు విషయంలో, పరువు విషయంలో ఇబ్బంది కదా?’* ఈ భయం నిజమైనదే. దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కానీ అక్షరాలు తారుమారుగా రాసే పిల్లవాడి సంగతి తెలియకపోతే మేము దాన్ని బద్ధకం అనుకునే ప్రమాదం ఉంది. పిల్లవాడు రోజూ తిట్లు తింటాడు. కొన్నాళ్లకు ‘నాకు చదువు రాదు’ అని తనే నమ్మేస్తాడు. చెబితే మేము ముందు బెంచీ ఇవ్వగలం, రాతకు బదులు నోటితో జవాబు అడగగలం, టైమ్ పెంచగలం.

ఇంట్లో చేసి చూడండి

1. ఒక అట్టముక్క మీద ఫెవికాల్‌తో పురికొస అతికించి త్రిభుజం, చతురస్రం, ఆంధ్రప్రదేశ్ మ్యాప్ చేయండి. ఆరాక పిల్లలు కళ్లు మూసుకుని వేళ్లతో గుర్తుపట్టాలి.
2. ఆదివారం పిల్లల పాఠం ఒకటి బొమ్మ చూపించకుండా మాటలతోనే చెప్పమనండి. విన్నవాళ్లు బొమ్మ గీయాలి.
3. ‘పాపం’ అనే మాట వాడకుండా, అవతలివారిని పేరుపెట్టి పిలవడం అలవాటు చేయండి.

పిల్లలతో మాట్లాడటానికి ప్రశ్నలు

* స్వర్ణలత గారి స్థానంలో మీరుంటే బోర్డు వాళ్లు కుదరదన్నాక ఏం చేసేవారు?
* మీ క్లాసులో ఎవరైనా ఆటకు రాకుండా ఒంటరిగా కూర్చుంటున్నారా? ఎందుకని?
* రేపు వాళ్ల కోసం మీరు చేయగల ఒక్క పని ఏమిటి?

హెలెన్ కెల్లర్ పేరు మన పిల్లలందరికీ తెలుసు. 1887లో ఆమెకు చదువు చెప్పడానికి వచ్చిన అనీ సల్లివన్ పేరు అడిగితే కొందరే చెబుతారు. ఈ టీచర్స్ డేకి మీ పిల్లలతో గ్రీటింగ్ కార్డు చేయిస్తుంటే, ఇలాంటి పిల్లలకు పాఠం చెప్పే టీచర్ మీ ఊళ్లో ఎవరైనా ఉంటే వారికీ ఒకటి రాయించండి. మీ బాబు లేదా పాప గురించి మాతో చెప్పాల్సింది ఏదైనా ఉంటే వచ్చే పేరెంట్ మీటింగ్ దాకా ఆగకండి. డైరీలో ఒక్క లైను రాసి పంపితే చాలు, క్లాస్ టీచరే మీకు ఫోన్ చేస్తారు.