పాలు పడని బిడ్డ



మన మేడ్చల్, శామీర్‌పేట పల్లెల్లో గడప తొక్కినవారికి పాలు పోసిన చాయ్ ఇవ్వడం మర్యాద. అది వద్దన్న కోడలిది పొగరు అంటాము. పాల గ్లాసు తోసేసిన పిల్లవానిది మొండితనం అంటాము. కొన్ని ఇళ్లలో ఆ గ్లాసు కోసం దెబ్బలు కూడా పడతాయి.

పాలలో లాక్టోజు అనే చక్కెర ఉంది. దానిని అరిగించే లాక్టేజు చిన్నప్రేగులో తయారవుతుంది. పసితనం దాటాక ప్రపంచంలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి అది తగ్గిపోతుంది. అరగని చక్కెర పెద్దప్రేగులో పులిసి కడుపుబ్బరం, నొప్పి, విరేచనాలు తెస్తుంది. ఒకే తల్లి బిడ్డలలో ఒకరికి పడి మరొకరికి పడకపోవచ్చు.

అలాగని పాడి అంతా మానక్కరలేదు. పెరుగులో సూక్ష్మజీవులు లాక్టోజును కొంత ముందే తినేస్తాయి గనుక పెరుగు, మజ్జిగ చాలామందికి పడతాయి. నేతిలో అది దాదాపు ఉండదు. ఎముకలకు కావలసిన కాల్షియం 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా ఉంది. చంటిబిడ్డకు మాత్రం డాక్టరును అడగకుండా తల్లిపాలు మాన్పించకండి. బిడ్డ బరువు తగ్గుతున్నా, విరేచనంలో రక్తం కనబడినా ఆలస్యం చేయకండి.

మల్లవీరుడు మైలోకు చాలని తిండి, కొత్తగా సాము మొదలుపెట్టినవానికి ఎక్కువవుతుందని అరిస్టాటిల్ చెప్పాడు. పునీత పౌలుగారు రోమీయులకు వ్రాసిన లేఖ 14వ అధ్యాయంలో, తినేవాడు తిననివానిని తృణీకరించరాదన్నారు. అక్కడి తగవు ఆహార నియమాలది, ఇక్కడిది కడుపుది. అయినా తృణీకారం ఒక్కటే.

ఆదివారం పూజ తరువాత చాయ్ పోసేవారు, పక్కన ఒక గిన్నెడు మజ్జిగ కూడా పెట్టండి. ఎందుకు తాగవని ఎవరినీ అడగకండి.