ధనుర్మాసపు మంచులో పాత కారు: సందేహాలు - సమాధానాలు

డిసెంబరు వచ్చిందంటే ఈ శీర్షికకు ఫాగ్ లైట్ల ఉత్తరాలు మొదలవుతాయి. వానే సరిగా పడని అనంతపురం సీమలో మంచు బాధేమిటని బయటివాళ్లు నవ్వుతారు. తెల్లారకముందే పెనుకొండ దాటి కొడికొండ వైపు బండి తోలినవాళ్లు మాత్రం నవ్వరు. ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ పాత బండ్లవే కాబట్టి కలిపి జవాబిస్తున్నాను.

మాది ధర్మవరం. చీరల మూటలేసుకుని వారానికోసారి తెల్లవారుజామున బెంగళూరు పోతుంటాను. బండి 2004 మారుతి 800. ఫాగ్ లైట్ల జత కొన్నాను, ఒక్కోటి 55 వాట్లు. మా ఎలక్ట్రీషియన్ హెడ్‌లైటు వైరుకే జాయింట్ కొట్టిస్తానంటాడు, రిలే దండగంటాడు. సరేననమంటారా?

అనొద్దు. రెండు దీపాలూ కలిపి 110 వాట్లు. 12 వోల్టులతో భాగిస్తే తొమ్మిది ఆంపియర్లు దాటుతుంది. మీ హెడ్‌లైట్లు డిప్పులో ఉన్నప్పుడు ఇప్పటికే దాదాపు అంతే లాగుతున్నాయి. మీ తరం చిన్నకార్లలో చాలావాటికి ఆ కరెంటంతా స్టీరింగ్ పక్కనున్న కాంబినేషన్ స్విచ్చిలోంచే పోతుంది. ఇరవై ఏళ్లు అరిగిన ఆ స్విచ్చి మీద ఒక్కసారిగా రెట్టింపు బరువు వేస్తే లోపలి రాగిరేకులు కాలి, ప్లాస్టిక్ కరుగుతుంది. చివరికి మంచులో ఫాగ్ లైట్లతోపాటు హెడ్‌లైట్లూ పోతాయి. రిలే ఖరీదు మీ చీర కొంగుకు కుచ్చులు కట్టించే కూలి కూడా కాదు.

వైరింగ్ ఇలా చేయమనండి. బ్యాటరీ ప్లస్ నుంచి నేరుగా ఒక వైరు తీయాలి. దానికి 15 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి, అదీ బ్యాటరీకి జానెడు లోపే. ఫ్యూజును దీపం దగ్గర పెడితే, దానికీ బ్యాటరీకీ మధ్య ఎక్కడ వైరు ఒరిసి బాడీకి తగిలినా కాపాడేదేమీ ఉండదు. ఫ్యూజు నుంచి వచ్చిన వైరు రిలేలో 30 అంకె ఉన్న కాలికి, 87 నుంచి రెండు దీపాలకు. ఇది బరువు మోసే దారి. 86కు డ్యాష్‌బోర్డు మీది కొత్త స్విచ్చి నుంచి సన్నవైరు, 85కు ఎర్త్. ఈ రెండో దారిలో పారేది అర ఆంపియరు కూడా ఉండదు కాబట్టి చిన్న స్విచ్చి చాలు. ఆ స్విచ్చికి కరెంటు పార్కింగ్ లైటు వైరు నుంచి ఇప్పించండి. పార్కింగ్ లైట్లు ఆర్పగానే ఫాగ్ లైట్లూ ఆరిపోతాయి, రాత్రంతా మర్చిపోయి పొద్దున్నే బండి తోయాల్సిన పనుండదు.

బ్యాటరీ నుంచి రిలే దాకా 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, అక్కడినుంచి ఒక్కో దీపానికి 1.5 వేయండి. ఇంటి వైరింగ్‌లో మిగిలిన ఒంటితీగ వైరు వాడనివ్వద్దు, అదురుకు లోపల్లోపలే తెగుతుంది. సన్నపోగులు అల్లిన బండి వైరే కావాలి. బానెట్ అడుగున పోయేచోట స్లీవు తొడిగించండి, రేకు రంధ్రంలోంచి పోయేచోట రబ్బరు గ్రోమెట్ పెట్టించండి. రిలేను కాళ్లు కిందికి ఉండేట్టు బిగిస్తే నీళ్లు దిగవు.

అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది ఎర్త్. తుప్పు పట్టిన బంపరు బోల్టుకు ఎర్త్ బిగించి, దీపం కొత్తదైనా వెలుగు లేదని కంపెనీని తిట్టేవాళ్లను బోలెడుమందిని చూశాను. రంగు గీకి, రేకు మెరిసేదాకా తోమి, లగ్గు బిగించి, పైన గ్రీజు పూయాలి. ఇంజను నడుస్తూ లైట్లు వెలుగుతున్నప్పుడు మల్టీమీటరు ఒక కొస బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొస దీపం ప్లస్‌కు పెట్టి చూడండి. తర్వాత దీపం ఎర్త్‌కూ బ్యాటరీ మైనస్‌కూ పెట్టండి. ఏ ఒక్క దాంట్లోనైనా అర వోల్టు దాటితే ఆ దారిలో లోపముంది. హాలోజన్ బల్బుకు వోల్టేజీ పదిశాతం తగ్గితే వెలుగు ముప్పై శాతం దాకా పోతుంది.

అందుకే మీకో మాట. ఈ పరీక్ష ముందు మీ హెడ్‌లైట్లకే చేయండి. పసుపు తిరిగిన అద్దం, నల్లబడ్డ రిఫ్లెక్టరు, తుప్పు ఎర్త్ బాగుచేసి, హెడ్‌లైట్లకూ రిలేలు వేయిస్తే మామూలు రాత్రుల్లో మీకు రెండో జత అవసరమే రాకపోవచ్చు. ఫాగ్ లైటు దూరం చూపించదు. ముందున్న కాస్త రోడ్డునూ అంచు తెల్లగీతనూ చూపిస్తుంది, అంతే. ఆ గీత కూడా కనపడని పూట ఏదైనా దాబా దగ్గర ఆపి టీ తాగండి. చీరలు గంట ఆలస్యమైతే ఏమీ కాదు.

కళ్యాణదుర్గం నుంచి: మాకు మంచు తక్కువ, దుమ్ము ఎక్కువ. ఆషాఢం గాలికి మట్టిరోడ్డు మీద ముందు ట్రాక్టరు పోతే ఏమీ కనపడదు. పసుపు లైటు దుమ్మును చీల్చుకుని పోతుందంటారు, నిజమా?

చీల్చుకుని పోయే రంగేదీ లేదు. మంచుబొట్టుగానీ దుమ్మురేణువుగానీ కాంతి తరంగం కంటే చాలా పెద్దవి. అన్ని రంగులనూ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. ఆకాశం నీలంగా కనపడే లెక్క ఇక్కడ పనికిరాదు. పసుపు వల్ల ఒక లాభముంది. తెల్లకాంతిలోని నీలం పాలు తగ్గడంతో ఎదురు తిరిగొచ్చే వెలుగు కంటిని అంత గుచ్చదు. ఫ్రాన్స్‌లో 1993 వరకు హెడ్‌లైట్లు పసుపుగానే ఉండాలన్న నియమం నడిచింది. తర్వాత వాళ్లూ వదిలేశారు.

అసలు పని చేసేది దీపం ఎత్తు, కాంతి ఆకారం. మీ కంటికీ దీపానికీ ఎంత ఎడముంటే మంచూ దుమ్మూ ఎదురుగా కట్టే తెల్లగోడ అంత పలచబడుతుంది. దీపం బంపరు కింద ఉండాలి, కాంతి పైఅంచు కత్తితో కోసినట్టు ఉండాలి. గోడకు ఇరవై ఐదు అడుగుల దూరంలో చదునునేల మీద బండి ఆపి, దీపం నడిమి ఎత్తుకు నాలుగంగుళాలు కిందుగా ఆ అంచు పడేట్టు తిప్పి బిగించండి. అంచే కనపడకుండా వెలుగంతా మసగ్గా పరుచుకుంటే అది ఫాగ్ లైటు కాదు, డబ్బా మీద ఆ పేరు రాసి అమ్మారు. హాలోజన్ కోసం చేసిన డబ్బాలో ఎల్‌ఈడీ బల్బు దూర్చినా ఇదే గతి. వెలుగు పుట్టే చోటు మారితే రిఫ్లెక్టరు లెక్క తప్పుతుంది.

మీ ఎర్రమన్ను రోడ్ల మీద ఇంకో పని తప్పదు: వారానికోసారి తడిగుడ్డతో అద్దం తుడవడం.

హిందూపురం నుంచి: పాత సుమోకు క్యారియర్ మీద నాలుగు ఎల్‌ఈడీ బార్లు వేయించాను. ఆపి జరిమానా రాశారు. నా బండికి నేను లైట్లు వేసుకుంటే తప్పేంటి?

ఎదుటివాడి కళ్లు మీవి కావు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళి 106వ నియమం చూడండి. ఎనిమిది మీటర్ల దూరంలో, మీటరున్నర ఎత్తులో ఉన్న కంటిని జిగేలుమనిపించకుండా దీపం కాంతి ఎప్పుడూ కిందికే వంగి ఉండాలి. బండి ముందు స్పాట్ లైటో సెర్చ్ లైటో పెట్టాలంటే రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి కావాలని 111 చెబుతుంది. పైగా మంచులో నెత్తిమీది లైటు మీకే శత్రువు. దింపేయండి. బంపరు దగ్గర, డిప్ లైటు కంటే కిందుగా రెండు చాలు.

తాడిపత్రి నుంచి: మా నాయన వదిలిపోయిన అంబాసిడర్ ఉంది, డైనమోది. ఫాగ్ లైట్లు వేస్తే సిగ్నల్ దగ్గర అన్నీ మసకబారి, డ్యాష్‌బోర్డులో ఛార్జింగ్ ఎర్రలైటు వెలుగుతోంది. కటౌట్ మార్చినా అంతే.

కటౌట్ అమాయకురాలు. ఆ కాలపు డైనమో పూర్తి వేగంలో ఇచ్చేదే ఇరవై ఆంపియర్లకు కాస్త అటూ ఇటూ. బండి నిలబడి ఉన్నప్పుడు ఇచ్చేది దాదాపు సున్నా. హెడ్‌లైట్లు, వెనక దీపాలు, ఇగ్నిషన్ తినగా మిగిలిన దాంట్లో మరో తొమ్మిది ఆంపియర్లు అడుగుతున్నారు. బోరులో నీళ్లు లేనప్పుడు రెండో మోటారు బిగిస్తే ఏమవుతుందో మీ జిల్లా వాళ్లకు చెప్పాలా?

ఆల్టర్నేటరు పెట్టిస్తే తీరిపోతుంది, చాలామంది పెట్టించారు కూడా. నాయన బండి ఆయన ఉంచినట్టే ఉండాలనుకుంటే ఒక్కోటి ఇరవై వాట్ల లోపు ఉండే ఎల్‌ఈడీ ఫాగ్ లైట్లు చూడండి, జతకు మూడు మూడున్నర ఆంపియర్లతో సరి. కొనే ముందు ఒకటి చూసుకోండి. లూకాస్ వైరింగ్ ఉన్న పాత బండ్లు కొన్నింట్లో బ్యాటరీ ప్లస్ బాడీకి కలిపి ఉంటుంది. హాలోజన్ బల్బుకు కరెంటు ఎటు పారినా ఒకటే. ఎల్‌ఈడీకి అలా కుదరదు. మీదీ అలాంటిదే అయితే పోలారిటీ మార్చడం తెలిసిన పాతకాలపు ఎలక్ట్రీషియన్‌నే పట్టుకోండి, కుర్రవాళ్ల చేతిలో పెట్టొద్దు.

కదిరి దగ్గర పల్లె నుంచి: కారు కొట్టంలో పెడతాను, పక్కనే చెనిక్కాయల మూటలు. ఫాగ్ లైటు ఫ్యూజు ఊరికే పోతోందని దుకాణంలో 30 ఆంపియర్లది వేశారు. ఇప్పుడు పోవడం లేదు. సమస్య తీరినట్టేనా?

దాక్కుంది. ఈ ఉత్తరం చదవగానే ఆ ఫ్యూజు పీకేయండి. ఫ్యూజు కాపాడేది వైరును. 15 వేయాల్సిన చోట 30 వేస్తే, ఎక్కడో బాడీకి తగులుతున్న వైరు ఫ్యూజు కంటే ముందు తానే కాలుతుంది. చెనిక్కాయలకు వచ్చిన ఎలుకలు చలికి వెచ్చని ఇంజను మీదెక్కి వైర్లు కొరకడం మీ వైపు మామూలే. బానెట్ తీసి, దీపం నుంచి రిలే దాకా వైరు మొత్తం చేత్తో తడిమి చూడండి. పళ్ల గాట్లు కనపడినచోట టేపు చుట్టి సరిపెట్టకుండా ఆ ముక్క మొత్తం మార్చండి. ఇంకోటి, రోడ్డు మీద ఆరేసిన ఉలవ కట్టె మీదుగా పోయినప్పుడు దిగి బంపరు కింద చూసుకోండి. వెలుగుతున్న హాలోజన్ అద్దం చేయి కాలేంత వేడిగా ఉంటుంది. దాని పక్కన ఎండుకట్టె ఇరుక్కుంటే ఏమవుతుందో రాయనక్కర్లేదు.

మడకశిర టీచరుగారు: స్కూలుకు పొద్దున్నే వెళతాను. మంచు విడిపోయాక కూడా ఫాగ్ లైట్లు వేసి ఉంచితే నష్టమా?

బండికేమీ కాదమ్మా, ఆల్టర్నేటరు చూసుకుంటుంది. ఎదురొచ్చేవాళ్లకు చికాకు. తడిరోడ్డు మీద ఆ కాంతి ఎగిరి వాళ్ల కళ్లలోనే పడుతుంది. వంద గజాలు తేటగా కనపడగానే ఆర్పేయండి.